మూడో పిలుపుకి లేచిన వేలు

ఆ ఆదివారం మధ్యాహ్నానికి పోయినవన్నీ కూడితే ఇలా వచ్చింది. మనుషులు పన్నెండు మంది. చెవులు ఇరవై నాలుగు. ఒక్కో చెవిలో బొంగురు శబ్దం నుంచి సన్నటి కీచు దాకా ఆరు శ్రుతులు చూడాలి కాబట్టి, పరీక్ష చేసిన చోట్లు నూట నలభై నాలుగు. ప్రతి చోటా పోయిన వినికిడి అరవై డెసిబెల్లు. వెరసి ఎనిమిది వేల ఆరు వందల నలభై. ఇవి కాక హెడ్‌ఫోన్ల మెత్తలు ఒక జత. వాటిని బెల్లం చేతులతో పట్టుకుని పెట్టుకున్నారు, మర్నాటికి చీమలు పట్టాయి.

డెసిబెల్లను ఇలా కూడకూడదని నాకు పాఠం చెప్పే మేడం తర్వాత చెప్పారు. కూడితే వచ్చే అంకెకు అర్థం ఉండదట. ఆ సంగతి నాకు ముందే తెలుసు. కానీ ఒకే వరసలో నూట నలభై నాలుగు అంకెలు కనబడితే కూడకుండా వదిలెయ్యడం నా వల్ల కాదు. అర్థం లేకపోయినా మొత్తం అనేది ఒకటి ఉంటుంది కదా.

నేను అనకాపల్లిలో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. లెక్కలు నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పదో తరగతిలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆ తర్వాత సెలైన్ చుక్కలే నాకు పంతుళ్ళు. సీసా చూసి, ఎన్ని గంటల్లో ఎక్కించాలో విని, నిమిషానికి ఎన్ని చుక్కలో నోటితో చెప్పడం మొదట అవసరం కోసం నేర్చుకున్నాను, తర్వాత అదే సరదా అయింది. ఇప్పుడు ఆటోలో కూర్చున్నా ఎదుటి లారీ నంబరులోని అంకెలు కూడేస్తాను.

నలభై ఏడో ఏట నాకు చదువు మీద మళ్ళీ మనసు పుట్టిందని మా వాళ్ళు అనుకుంటారు. చదువు మీద కాదు, నిద్ర మీద పుట్టింది. నాకు నైట్ డ్యూటీలు పడుతూ ఇరవై రెండేళ్ళయింది. మోకాళ్ళు వాచి మెట్లు ఎక్కలేకపోతున్నాను. మా నర్సింగ్ హోమ్ డాక్టరుగారు చెవి పరీక్షలకు ఒక గది పెడదామనుకుంటున్నారు. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళ కోసం విశాఖలో ఒక యూనివర్సిటీ ఆడియాలజీలో పార్ట్‌టైమ్ పీజీ డిప్లొమా పెట్టింది. అది పాసయితే చెవి గది నాది. చెవి గది పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం అయిదుకు మూస్తారు. నేను ఆ కోర్సులో చేరడానికి ఇంతకు మించి కారణం లేదు. ఫెయిలయితే ఆ గది ఎవరో ఒక కుర్రవాడికి వెళుతుంది, నేను మళ్ళీ రాత్రి వార్డుకి వెళతాను.

క్లాసులు వారానికి మూడు రోజులు ఫోన్‌లో జరిగేవి. నెలకో శని ఆదివారాలు విశాఖ వెళ్ళాలి. క్లాసులో అందరూ నాకంటే చిన్నవాళ్ళు. ఫిజియోథెరపిస్టులు, ఒక పళ్ళ డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు. లాగరిథమ్ అనే మాట వచ్చిన రోజున నాకు చెమట పట్టింది. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టి, అది సున్నాల లెక్క అని నాకు నేనే తేల్చుకున్నాను. పది డెసిబెల్లకు ఒక సున్నా, ఇరవైకి రెండు, అరవైకి ఆరు. అంటే అరవై డెసిబెల్లు పోయిన మనిషికి ఒక శబ్దం వినిపించాలంటే అది పది లక్షల రెట్లు పెరగాలి. ఇది తెలిశాక కోర్సు మీద గౌరవం వచ్చింది.

చివరికి ప్రాక్టికల్ వచ్చింది. ముప్పై మందికి వినికిడి పరీక్ష చేసి, ఆ గీతల కాగితాలు అప్పజెప్పాలి. ఒక్కటి తేడా వచ్చినా వైవాకి కూర్చోనివ్వరు. నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్, పేషెంట్లు, వాళ్ళతో వచ్చినవాళ్ళు అంతా కలిపి పద్దెనిమిది మంది తేలారు. ఇంకా పన్నెండు మంది కావాలి. చెవిలో నొప్పి లేని మనిషి చెవి పరీక్షకు రాడు, ఊరికే చేస్తామంటే అసలే రాడు. ఇందులో ఏదో ఉందనుకుంటాడు.

అప్పుడు మా బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు. అక్కా నేనూ రావికమతం దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టినవాళ్ళం. అక్కని చేసుకున్నాక బావ పదిహేనేళ్ళు ఆ ఊళ్ళోనే గానుగాడించాడు. కుడి పక్కన డీజిల్ ఇంజను, ఎడమ పక్కన చెరకు మోపులు. తర్వాత అనకాపల్లి వచ్చి బెల్లం మార్కెట్లో చేరాడు. ఇప్పుడు అక్కడ ఒక కొట్టు తరఫున వేలం పాట పాడేది ఆయనే. బెల్లం దిమ్మల వరసల మధ్య నడుస్తూ ధర పిలుస్తాడు, కొనేవాళ్ళు చుట్టూ నడుస్తారు. ఆయన గొంతు యార్డు ఈ గేటు నుంచి ఆ గేటుకి వినిపిస్తుంది.

అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు.

"పన్నెండు మందేటి మరదలా, పాతిక మందిని తెత్తాను. ఆదివారం మార్కెట్టు లేదు కదా, ఇంటికాడుంటే పెళ్ళాలు పని సెప్తారు."

"పన్నెండు చాలు బావా. నీతో కలిపి."

"నాకెందుకే, నాను బాగానే ఉన్నాను కదా."

"బాగున్నవాళ్ళే కావాలి. జబ్బున్నవాళ్ళు నా దగ్గర ఉన్నారు."

ఆదివారం పొద్దున్నే పదకొండు మందితో దిగాడు. కొనేవాళ్ళు, తూచేవాళ్ళు, మోసేవాళ్ళు. అందరూ నలభై అటూ ఇటూ వయసువాళ్ళు, బావ ఒక్కడే యాభై ఎనిమిది. చేతులూపుకుంటూ ఎలా వస్తామని ఒక బెల్లం దిమ్మ కూడా తెచ్చారు. దాన్ని చేతులు మార్చుకుంటూ మెట్లెక్కించారు. హెడ్‌ఫోన్లకు పట్టిన గతి అక్కడ మొదలైంది.

పరీక్ష గది అని నేను పిలిచేది మందుల స్టోరు. గోడల వారన పాత పరుపులు నిలబెట్టాను, శబ్దం రాకుండా. టేబుల్ మీద మెషీన్, అటు కుర్చీలో మనిషి, ఇటు కుర్చీలో నేను. పరీక్ష పద్ధతి చాలా తేలిక. నలభై దగ్గర మొదలుపెట్టి ఒక కూత వినిపించాలి. వినబడితే మనిషి వేలెత్తుతాడు. ఎత్తితే పది తగ్గించాలి. ఎత్తకపోతే పది పెంచాలి. ఒకసారి ఎత్తాక, పది దించి, అయిదేసి చొప్పున ఎక్కించాలి. మళ్ళీ మళ్ళీ ఒకే చోట వేలు లేస్తే, ఆ అంకె రాసుకోవాలి. ఎంత చిన్నగా వినిపించినా ఎత్తమని పన్నెండు మందికీ విడివిడిగా చెప్పాను.

ముందు బావ కూర్చున్నాడు. మిగతావాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూశారు. నలభైకి ఎత్తలేదు. యాభైకి ఎత్తలేదు. అరవైకి ఎత్తాడు. యాభైకి దించాను, లేదు. యాభై అయిదు, లేదు. అరవై, ఎత్తాడు. ఆరు శ్రుతుల్లోనూ అంతే, రెండు చెవుల్లోనూ అంతే. మా అక్కకి ఏం చెప్పాలి అనుకున్నాను.

తర్వాత కాటా దగ్గర తూకం చూస్తూ, తన తరఫున సరుకు కూడా కొనే మనిషి కూర్చున్నాడు. అరవై. ఆ తర్వాత కూర్చున్నవాడికీ అరవై. నాలుగోవాడి దగ్గరకొచ్చేసరికి నాకు మా అక్క సంగతి పోయి ఊరి సంగతి పట్టుకుంది. బెల్లంలో ఏమన్నా ఉందా అనుకున్నాను. అనుమానం వచ్చి ముగ్గురిని మళ్ళీ కూర్చోబెట్టాను. ఒక్క డెసిబెల్ తేడా లేదు. ఇంత నిలకడైన ఫలితం మా క్లాసులో ఎవరికీ రాలేదని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మెషీన్ మీద అనుమానంతో నా చెవులు నేనే చూసుకున్నాను. పది. మెషీన్ శుభ్రంగా ఉంది. సాయంత్రం కాగితాలన్నీ మేడంకి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం మేడం ఫోన్ చేశారు. ఆవిడ కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు.

"సిస్టర్, ఈ పన్నెండు మందీ మీతో మాట్లాడారా?"

"మాట్లాడారు మేడం. ఎక్కువే మాట్లాడారు."

"మీరు గట్టిగా అరిచి అడిగారా?"

"లేదు మేడం. వాళ్ళలో వాళ్ళు గుసగుసలు కూడా ఆడుకున్నారు. నా చీర గురించి."

"అరవై డెసిబెల్లు పోయినవాళ్ళకి గుసగుస ఎలా వినబడింది?"

అంత పెద్ద మొత్తం కూడినదాన్నే అయినా, ఈ చిన్న తీసివేత నాకు తట్టలేదు.

"మీ మెషీన్ పాడయి ఉండాలి," అన్నారు మేడం. "లేదా మీ మార్కెట్ పాడయి ఉండాలి. లేదా మీరు ఇంట్లో కూర్చుని అరవై, అరవై అని రాసేసి ఉండాలి. నేను మూడోది అనుకోవట్లేదు. కానీ ఎగ్జామినర్లు అదే అనుకుంటారు. నెలాఖరులోగా పన్నెండూ మళ్ళీ చేసి పంపండి. లేకపోతే ఈ ఏడాదికి ఇంతే."

నెలాఖరుకి మధ్యలో ఒకే ఒక్క ఆదివారం ఉంది.

డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళకుండా, తెల్లారి నేరుగా మార్కెట్ యార్డుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. రోగం ఎక్కడ మొదలైందో అక్కడ చూడాలనిపించి ఉంటుంది. దిమ్మలు వరసల్లో పేర్చి ఉన్నాయి. బావ తలకి తువ్వాలు చుట్టుకుని పాట మొదలుపెట్టాడు. కొనేవాళ్ళంతా ఆయన ఎడమ పక్కన ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ నడుస్తున్నారు, కుడి పక్క ఖాళీగా ఉంది. అటు ఎండ ఉందనుకున్నాను.

ఎడమ పక్క నుంచి ఎవరో అన్న ధరని బావ పిలిచాడు. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచాడు. ఒకడు ఆకాశం చూశాడు, ఒకడు చెవి గోక్కున్నాడు. బావ మూడోసారి పిలిచాడు. కాటా మనిషి వేలు సగం పైకి లేచింది. సరుకు అతనిదయింది. పక్క వరస. ఒకటో పిలుపు, ఎవరికీ వినబడనట్టే ఉంది. రెండో పిలుపు, అదే తంతు. మూడో పిలుపు, వేలు. నేను పది వరసలు చూశాను. పదింటిలోనూ మూడో పిలుపుకే లేచింది.

కాటా మనిషిని పక్కకి పిలిచాను.

"మొదటి పిలుపు వినబడలేదా?"

"వినబడతాది సెల్లెమ్మా, ఎందుకు వినబడదు."

"మరి ఎత్తలేదేం?"

అతను నా వంక జాలిగా చూశాడు. "మొదటి పిలుపుకి ఎత్తీసినోడు మార్కెట్లో బతుకుతాడేటి? ఆత్రగాడనీసి మర్నాటి నుంచి ఆడి మీద ధర పెంచీత్తారు. రెండోదానికి ఎత్తితే భయస్తుడు. మూడోదానికి ఎత్తాల. నాలుగోది ఉండదు."

"మా స్టోరు గదిలో కూడా అందుకేనా?"

"మరి వేలెత్తమన్నావు కదా."

అక్కడే ఒక దిమ్మ మీద కూర్చుని లెక్క వేశాను. నలభై ఒకటో పిలుపు. యాభై రెండోది. అరవై మూడోది. పది దించితే మళ్ళీ కొత్త పాట మొదలు: యాభై ఒకటి, యాభై అయిదు రెండు, అరవై మూడు. నా పరీక్షా వాళ్ళ పాటా ఒకే కొలతతో కుట్టిన చొక్కాలు. పన్నెండు మందీ మొదటి కూతే విన్నారు. విని, నాకు అలుసివ్వకూడదని గుంభనంగా కూర్చున్నారు. ఒకడైతే నన్ను మెచ్చుకున్నాడు కూడా, "నువ్వు మొహంలో ఏటీ సూపించవు, మంచి పాటగత్తెవి," అని.

దీనికి మందు పిల్లల పాఠంలో దొరికింది. చిన్నపిల్లలు వేలెత్తమంటే ఎత్తరు. అందుకని చేతిలో ఒక గింజ పెట్టి, కూత వినబడినప్పుడల్లా డబ్బాలో వెయ్యమంటారు. నేను ఇంట్లోంచి చింతగింజలు, ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చాను. వేలు మార్కెట్‌ది, గింజకి ఏ అలవాటూ లేదు.

రెండో ఆదివారం పదకొండు మంది మీసాలవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి డబ్బాలో చింతగింజలు వేశారు. పది, పదిహేను, పది, అయిదు. ఇరవై లోపల ఉంటే మామూలే అని పుస్తకం. పదకొండు మందీ లోపలే ఉన్నారు. కాకపోతే కొత్త గొడవ లేచింది. తక్కువ అంకె వచ్చినవాడిదే గెలుపని వాళ్ళకి అర్థమైపోయింది.

"ఆడికి అయిదొచ్చిందంట కదా, నాకు పదేటి?" అన్నాడు కాటా మనిషి. "ఇంకోసారి ఎయ్యి."

"ఇది బేరం కాదు అన్నయ్యా. నీ చెవి అంతే."

"నా సెవి అంతే అంటే ఇంట్లో తలెత్తుకోగలనేటి? ఏడున్నర రాసుకో."

చివరగా బావ మిగిలాడు. గింజలు చేతిలో పోసుకుని దర్జాగా కూర్చున్నాడు. పదికి వేశాడు. అయిదుకి వేశాడు. సున్నాకి వేశాడు. మెషీన్ సున్నా కిందకి పది దాకా దిగుతుంది, దానికీ వేశాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, పదిహేను సీజన్లు ఇంజను పక్కన నిలబడ్డవాడికి, కుక్కకి వినబడేంత వినబడుతోంది. పదకొండు మందీ తలుపు దగ్గర నుంచి మెచ్చుకోలుగా తలలూపారు.

నేను శబ్దం పూర్తిగా తీసేసి ఉత్త మీట నొక్కాను. బావ గింజ వేశాడు.

"బావా, ఇప్పుడు ఏం వినబడింది?"

"కూత."

"నేను కూత వెయ్యలేదు."

"వేలు కదిపేవు కదే."

అప్పటిగ్గానీ నాకు తెలియలేదు, మొదటి ఆదివారం కూడా ఆయన నా వేలి కదలికలే లెక్కపెట్టి మూడోదానికి ఎత్తాడని.

"కుర్చీ తిప్పుకో బావా. గోడ వైపు చూస్తూ కూర్చో."

"ఎందుకు? నీ మొహం సూడ్డానికి నాకేటీ ఇబ్బంది లేదు."

"తిప్పుకోకపోతే ఈ కాగితం చెల్లదు. ఇది చెల్లకపోతే పన్నెండు పూర్తవవు. నేను ఫెయిల్."

"పదకొండు మందివి సరిపోయేయి కదా. నాది నువ్వే ఏసుకో, పదనీసి."

"నేనే వేసుకుంటే మా మేడం చెప్పిన మూడోది నిజమవుతుంది."

బావ డబ్బాలో గింజలు కలుపుతూ కూర్చున్నాడు. తర్వాత, తలుపు వైపు ఒకసారి చూసి, నా వైపు వంగి, ఆయన దృష్టిలో రహస్యమైన గొంతుతో, అంటే వీధిలోకి వినిపించేలా అన్నాడు: "పాట పాడేవోడికి సెవుడని తెలిత్తే మార్కెట్లో ఉంచుతారేటి మరదలా?"

తలుపు దగ్గర పదకొండు మందీ గోడలు, కిటికీలు చూడటం మొదలుపెట్టారు. నేను మా అక్కకి ఫోన్ చేశాను. ఇల్లు నాలుగు వీధుల అవతలే. అక్క కూర పొయ్యి మీద నుంచి దించి వచ్చింది.

సంగతి విని కొంగు బొడ్లో దోపింది. "ఒలే, ఇందులో పరీచ్చేటి? కుడి సెవి పనిసెయ్యదు. పెళ్ళయిన కాడ్నుంచి నాను ఈయనకి కుడేపే పడుకుంటన్నాను. నాను సెప్పిందంతా ఆ సెవికే సెప్పేను. ఇన్నాళ్ళూ నాకు ఎదురు సెప్పడు, మంచోడనుకున్నాను."

"ఎంత పోయిందో తెలియాలక్కా. కుర్చీ తిప్పుకోవట్లేదు."

"తిప్పుకుంటాను," అన్నాడు బావ. "గానీ నాను తిరిగితే నీ సెల్లెలూ తిరగాల. నాను ఓడిపోతన్నప్పుడు అది సూత్తా ఉండకూడదు."

మా కోర్సు పుస్తకంలో ఈ పద్ధతి లేదు. నేను, బావ వీపుకి వీపు పెట్టి కూర్చున్నాం. మధ్యలో అక్క స్టూలేసుకుని కూర్చుంది. నేను మీట నొక్కుతాను, బావ గింజ వేస్తే అక్క "ఏసేడు" అంటుంది, వెయ్యకపోతే నేను తల తిప్పకుండా అడుగుతాను, "లేదు" అంటుంది. ఎడమ చెవి హాయిగా గడిచింది. కుడి చెవిలో బొంగురు శబ్దాలూ గడిచాయి. రెండు వేల శ్రుతి దగ్గరకొచ్చాక అక్క గొంతు మారింది. "లేదు." పెంచాను. "లేదు." పెంచాను. "లేదు... ఏసేడు." నాలుగు వేల దగ్గర ఎన్ని "లేదు"లు విన్నానో, చివరికి అక్క "లేదు" అనడం మానేసి ఊరుకుంది. నాకు నిశ్శబ్దం అంటే లేదని అర్థమైంది. ఒకసారి అక్క "ఏసేడు" అంది. ఆ చోట మళ్ళీ ఇచ్చి చూస్తే వెయ్యలేదు. ఆవిడ జాలిపడి అబద్ధమాడింది. ఆవిణ్ణి లేపి కాటా మనిషిని కూర్చోబెట్టాల్సి వచ్చింది. అతనికి తూకంలో జాలి ఉండదు.

తేలింది ఇది. కుడి చెవిలో రెండు వేల దగ్గర ముప్పై అయిదు, నాలుగు వేల దగ్గర అరవై, ఎనిమిది వేల దగ్గర నలభై అయిదు. నూట నలభై నాలుగు చోట్ల అరవైల్లో నిజం అరవై ఈ ఒక్కటే. మామూలు కింద ప్రతిచోటా ఇరవై వదిలేస్తే పోయినవి పదిహేను, నలభై, ఇరవై అయిదు. వెరసి ఎనభై. అంటే ఎనిమిది వేల ఆరు వందల నలభైలో ఎనిమిది వేల అయిదు వందల అరవై వెనక్కి వచ్చాయి. ఎనభై రాలేదు.

బావ కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. గదిలోకి వచ్చిన పదకొండు మందినీ చూశాడు.

"సెప్పేస్తారేటి మార్కెట్లో?"

కాటా మనిషి ఇబ్బందిగా నవ్వాడు. "మావా, మేమంతా నీకు ఎడమేపే ఎందుకు నడుత్తన్నామనుకున్నావు? కుడేపు నిలబడి ధర సెబితే నీకు ఎక్కదు కదా. ఎడమేపు సోటు కోసం పొద్దున్నే వచ్చి కొట్టుకుంటన్నాం. పదేళ్ళయింది."

"మరి నాకు సెప్పలేదేటిరా?"

"సెప్పేం మావా. కుడేపు నుంచి సెప్పేం."

ఎండ కాదన్నమాట. ఊరంతటికీ తెలుసన్న సంగతి ఊరంతటికీ వినిపించే మనిషికొక్కడికే తెలియలేదు.

మేడం ఈసారి గొంతు పెంచి మాట్లాడారు, అంటే సంతోషించారు. "పన్నెండూ మామూలుగా వచ్చి ఉంటే ఈసారీ నేను నమ్మేదాన్ని కాదు సిస్టర్. ఈ ఒక్క గీత మీ కాగితాలన్నిటినీ నిలబెట్టింది. నాలుగు వేల దగ్గర ఇంజను రొద తవ్విన ఈ గుంట ఎవరూ ఇంట్లో కూర్చుని గీయలేరు. వైవాకి ఆయన్నే తీసుకురండి." మా డాక్టరుగారు చూసి, బావ కుడి చెవికి ఒక వినికిడి మిషన్ ఇప్పించారు. దాన్ని అమర్చి, వైవాలో అందరి ముందూ కొలవాలి.

విశాఖ బస్సులో బావ మొదటిసారి మిషన్ పెట్టుకుని మాట్లాడి, తన గొంతు తానే విని కంగారుపడ్డాడు. "ఇంత గట్టిగా అరుత్తన్నానేటి ఇన్నేళ్ళూ?" అని గొంతు తగ్గించాడు. డ్రైవరు అప్పుడు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు, అప్పటిదాకా అవసరం పడనట్టు.

వైవాలో ముగ్గురు కూర్చున్నారు. పెద్దాయన మధ్యలో, అటూ ఇటూ ఇద్దరు. బావ ఎడమ చెవికి అడ్డం పెట్టి, స్పీకర్లోంచి కూతలు ఇచ్చి, మిషన్‌తో ఎంత వినబడుతోందో నా చేతే కొలిపించారు. తర్వాత అరవైల కథ అడిగారు. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన మాత్రం పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"ఇంకేమైనా అడుగుతారా, లేక పాస్ చేసేద్దామా?" అని పెద్దాయన ఆ ఇద్దరినీ అడిగారు. ఇద్దరూ కాగితాలు చూస్తూ ఊరుకున్నారు.

"పాస్ చేసేద్దామా?" అని మళ్ళీ అడిగారు. ఒకాయన కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. ఇంకొకాయన చెవి గోక్కున్నాడు.

అప్పుడు నా వెనక నుంచి, ఇంకా కొత్త మిషన్‌కి అలవాటుపడని బావ, చిన్నగా అంటున్నాననుకుని, యార్డు గొంతుతో అన్నాడు: "మూడోసారి."

ఇద్దరి వేళ్ళూ ఒకేసారి పైకి లేచాయి.

ఇప్పుడు చెవి గది నాది. అయిదింటికి తాళం వేసి ఇంటికి వెళతాను. మార్కెట్లో మాత్రం కొన్నాళ్ళు గందరగోళమైంది. కుడి పక్క చోటుకి కూడా విలువ వచ్చేసరికి ఎవరు ఎటు నిలబడాలో తేల్చుకోలేక ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. అక్క ఎడమ పక్కకి మారింది. ఇప్పుడు బావ ఎదురు చెబుతున్నాడని నాతో చాడీలు చెబుతుంది.

మిషన్‌తో కొలిచిన లెక్క నా దగ్గర ఉంది. రెండు వేల దగ్గర పోయిన పదిహేనూ వచ్చేశాయి. నాలుగు వేల దగ్గర నలభైలో ఇరవై అయిదు వచ్చాయి, పదిహేను రాలేదు. ఎనిమిది వేల దాకా ఆ మిషన్ అందుకోదు, అక్కడి ఇరవై అయిదు అలాగే ఉండిపోయాయి. నేను పాసయింది ఆ చెవి చూపించే కాబట్టి, అవి నేను తీర్చాల్సినవేనని బావ అంటాడు. మిషన్ శుభ్రం చేయించుకోవడానికి వచ్చినప్పుడల్లా కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చుని అడుగుతాడు.

"ఇంకా ఎంత ఉండిపోయిందే మరదలా?"

"నలభై, బావా."